పిల్లి ఒంటి మీద ఉమ్మి

అలెక్సిస్ నోయెల్ వాళ్లింటి పిల్లి ఒకసారి మెత్తటి దుప్పటిని నాకబోయింది. నాలుక కాస్తా పోగుల్లో చిక్కుకుపోయింది. చూసినవాళ్లు నవ్వి ఊరుకునే సంగతే గానీ, అట్లాంటాలోని జార్జియా టెక్‌లో పరిశోధన చేస్తున్న నోయెల్ ఊరుకోలేదు. సహ పరిశోధకుడు డేవిడ్ హూతో కలిసి ఇంటి పిల్లి మొదలు మంచు చిరుత, పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకలను పరీక్షించారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

పిల్లి నాలుకను గరుకు చేసేవి గొంతు వైపు వంగి ఉండే సన్నటి ముళ్లు. మన గోళ్లలాగే అవీ కెరటిన్‌వే. అవి గట్టి శంకువులని అంతకుముందు అనుకునేవారు. తీరా చూస్తే ముల్లు కొనలో బోలుగా గాడి ఉంది. పాళీ సిరాను పట్టుకున్నట్టు ఆ గాడి నోట్లోని ఉమ్మిని తనంతట తానే పీల్చుకుంటుంది, బొచ్చులోకి దిగాక వదిలిపెడుతుంది. అంటే పిల్లి చేసేది దువ్వుకోవడమే కాదు, ఒంటికి ఉమ్మి పట్టించుకోవడం కూడా.

ఎందుకంటారా? పిల్లికి చెమట పట్టేది అరికాళ్లలోనే. చర్మం దాకా చేరిన ఉమ్మి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. దానికి కావలసిన చల్లదనంలో నాలుగో వంతు దాకా ఇలాగే దొరుకుతుందని నోయెల్, హూల అంచనా. పర్షియన్ పిల్లికి ఈ సుఖం తక్కువ. దాని బొచ్చు మరీ పొడుగు, ముళ్లు అడుగుదాకా అందవు. అందుకే అట్టలు కడుతుంది, యజమాని దువ్వెన పట్టక తప్పదు.

బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే పురుగులకూ ఈ నాలుకంటే గండమే. మెడకు కోన్ తగిలించి నాక్కోనివ్వకపోతే, మూడు వారాల్లో ఆ పిల్లుల మీద పురుగులు మిగతావాటి కంటే సుమారు రెట్టింపు కనిపించాయని 2000లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పిల్లి పడనివాళ్ల తుమ్ములకు మూలమూ చాలావరకు ఇక్కడే ఉంది. ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఉమ్మి గ్రంథుల్లోనూ చర్మ గ్రంథుల్లోనూ తయారై, నాకుడుతో ఒళ్లంతా పాకి, ఆరాక గాలిలో కలుస్తుంది. పాపం, వెంట్రుకలకు ఊరికే చెడ్డపేరు.

మరి పిల్లి మన చెయ్యెందుకు నాకుతుంది? తీపి కోసం మాత్రం కాదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయిందని 2005లోనే తేలింది. చెమటలోని ఉప్పు అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అలవాటే కారణమనిపిస్తుంది. పుట్టిన కొత్తలో తల్లి నాకితేనే కూనకు మలమూత్రాలు వస్తాయి. పెద్దయ్యాక చనువున్న పిల్లులు ఒకదాని తల, మెడ మరొకటి నాకుతాయి. అదంతా ముద్దే అనుకోకండి. నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకుడు రూడ్ వాన్ డెన్ బోస్ 1998లో ప్రచురించిన అధ్యయనంలోని గుంపులో పెత్తనం చేసే పిల్లులే కిందివాటిని ఎక్కువగా నాకాయి, మధ్యమధ్య కసిరాయి కూడా. ఈ లెక్కన ఇంట్లో మన హోదా ఏమిటో ఆలోచించుకోవలసిందే!

ఒక్క జాగ్రత్త. మన చర్మం మీద ఉన్నది పిల్లి కడుపులోకి పోతుంది. ఇంట్లోవాళ్లు రాసుకున్న ఫ్లర్బిప్రొఫెన్ నొప్పి క్రీము వల్ల పిల్లులు చనిపోయాయని 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. జుట్టు కోసం వాడే మినాక్సిడిల్ కూడా వాటికి విషమే. ఇలాంటివి రాసుకుంటే చేతులు కడుక్కోవాలి, రాసిన చోట బట్ట కప్పవచ్చో లేదో డాక్టరును అడగాలి. మందు అంటిన దిండు గలీబు మీద పిల్లిని పడుకోనివ్వకూడదు.