మోటారు ఆగింది, తీగ కాలింది

యాప్రాల్: సికింద్రాబాదుకు ఉత్తరాన, సైన్యం వారి స్థలాల పక్కన ఉన్న ఈ యాప్రాల్‌లో ఈ విలేఖరి మేనల్లుడు ఒకడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కాలేజీ పోటీ కోసం ఒక మరబండి చేశాడు. ఎదుటివాడి బండిని నెట్టి గీత దాటించాలట. కారు అద్దం తుడిచే వైపరు మోటార్లు రెండు రాణిగంజ్‌లో కొన్నాడు. స్విచ్చులు, తీగలు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాడు. బ్యాటరీలు మాత్రం మన రైతులకు తెలిసినవే, పత్తికి మందు కొట్టే పంపులో ఉండే 12 వోల్టులవి, రెండు.

ఖాళీగా వదిలితే బండి బాగానే పరుగెత్తింది. గోడకు ఆనించి తోయించగానే చక్రాలు ఆగాయి, తీగ మీద పొర కరిగి పొగ లేచింది. లాగబోయిన కుర్రవాడి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. వాళ్లమ్మ ఆ సామానంతా బయట పారేయమంది.

తప్పు బండిలో లేదు. తిరిగే మోటారు తనలో తానే కొంత ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అది కరెంటును అదుపులో ఉంచుతుంది. మోటారు ఇరుక్కుంటే ఆ అదుపు పోతుంది. ఖాళీగా రెండు మూడు ఆంపియర్లు తీసుకునే మోటారు అప్పుడు 15 పైన లాగుతుంది. రెండూ కలిస్తే 30. ట్రాక్టరు సెల్ఫు కొట్టినప్పుడు లైట్లు మందగించడం అందరూ చూసిందే. అదీ ఇదీ ఒకటే.

కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ, రానూపోనూ రెండు మీటర్లు, 30 ఆంపియర్లు పోతే ఒక వోల్టు తీగలోనే హరిస్తుంది, 32 వాట్ల వేడి పుడుతుంది. నాలుగు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఎనిమిది వాట్లే. మావాడు వాడింది ఒక మిల్లీమీటరు కూడా లేని బొమ్మల తీగ.

బ్యాటరీలు కలపడంలోనూ పొరపాటు జరిగింది. ఒకదాని ప్లస్సు రెండోదాని మైనస్సుకు కలిపితే 24 వోల్టులవుతుంది. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపితే వోల్టులు 12 గానే ఉండి ఆంపియర్ల బలం పెరుగుతుంది. ఈ మోటార్లకు కావలసింది రెండోదే. అయితే మావాడు రెండు తీగలూ మొదటి బ్యాటరీ నుంచే తీశాడు, భారం ఎక్కువగా దాని మీదే పడింది. ప్లస్సు ఒకదాని నుంచి, మైనస్సు మరొకదాని నుంచి తీయాలి. పైగా ఒకటి నెల కిందటిది, ఒకటి మూడేళ్లనాటిది. ఇలా జత చేస్తే కొత్తది పాతదానికి కరెంటు పోస్తూ కూర్చుంటుంది. ఒకే రకం, ఒకే వయసు, రెండూ నిండా చార్జి అయినవి ఉండాలి.

ఇక ఫ్యూజు. అది ప్లస్సు తీగ మీద, బ్యాటరీకి జానెడు లోపలే ఉండాలి. అది కాపాడేది మోటారును కాదు, తీగను. పోతే పోనివ్వాలి. మన బావుల దగ్గర డబ్బాల్లో ఫ్యూజు పోతే లావు తీగ చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, అక్కడా పనికిరాదు.

పాత లాప్‌టాపుల లిథియం సెల్లులు పెడదామని కుర్రవాడి కోరిక. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటి చార్జి కాకూడదు, కాపలాకు ప్రత్యేకమైన బోర్డు ఉండాలి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులోనే విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పైన హోటల్లో దిగిన వారితో సహా 8 మంది చనిపోయిన సంగతి వాళ్లమ్మ మరువలేదు. ఆ మాట అంతటితో ఆగింది. చార్జింగు కూడా వసారాలో, మనుషులు మేలుకొని ఉన్నప్పుడే అని ఆమె షరతు.

లావు తీగ, 30 ఆంపియర్ల కారు ఫ్యూజు వేసి, కొత్త బ్యాటరీ ఒక్కటే తగిలించి ఆదివారం చూశాం. బండి 25 కిలోల బియ్యం బస్తాను వాకిలి చివరిదాకా నెట్టింది. తీగ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. జతకు ఇంకో కొత్త బ్యాటరీ కావాలి, ఆ ఖర్చు మేనమామ మీద పడింది.