కాథలిక్కుల సమాధానం ఏమిటి?

బందరు, గుడివాడ, దివిసీమ కాథలిక్కులు విజయవాడ మేత్రాసనానికి చెందినవారు. ఏటా ఫిబ్రవరి 11న గుణదల మాత ఉత్సవానికి వెళ్ళే ఇరుగుపొరుగువారిని చూసి, 'వీరు హజ్రత్ మర్యమ్‌ను ఆరాధిస్తున్నారు' అని మనం తేల్చివేస్తాము. కాథలిక్కు దీనిని అంగీకరించడు. ఆరాధన దేవునికే చెల్లుతుందనీ, మరియమ్మకూ పునీతులకూ దక్కేది గౌరవం మాత్రమేననీ అతని వాదన. స్వరూపాల విషయంలో ఈ భేదాన్ని 787లో రెండవ నిసియా మహాసభ నిర్ణయించింది. మరియమ్మను వేడుకోవడమంటే, తమ కొరకు దేవుణ్ణి ప్రార్థించమని ఒక పుణ్యాత్మురాలిని అడగడమేనని కూడా అంటారు. తౌహీద్ దృష్ట్యా ఈ జవాబు మనకు చాలదు. జీవించి ఉన్నవారిని దుఆ చేయమనడం వేరు, గతించినవారిని పిలిచి అడగడం వేరు. అయినా అది జవాబే, వినదగినదే.

1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన 'నోస్త్రా ఎతాతె' ప్రకటన, ముస్లిములు ఏకదేవుణ్ణి ఆరాధిస్తారనీ, హజ్రత్ ఈసా (అ)ను ప్రవక్తగా గౌరవిస్తారనీ గుర్తించింది. అంతమాత్రాన చర్చి తన సిద్ధాంతాన్ని వదులుకోలేదు. రక్షణ క్రీస్తు ద్వారానే అని 2000లో 'దోమినుస్ యేసుస్' పత్రం మళ్ళీ చెప్పింది. అది చాలామందికి కటువుగా తోచింది. నాకు మాత్రం నిజాయితీగా తోచింది. నమ్మినదాన్ని దాచుకునేవానితో సంభాషణ ఏముంటుంది?

ఇక త్రిత్వం. దానిని 'ముగ్గురు దేవుళ్ళు' అని తర్జుమా చేస్తే, అది తన విశ్వాసం కాదంటాడు కాథలిక్కు. దైవత్వం ఒక్కటే, వ్యక్తులు ముగ్గురు అంటాడు. సూరా నిసా 171వ ఆయత్‌ను అతని ముందుంచవలసింది ఈ మాట విన్న తరువాతనే.