మోకాళ్లు మొరాయించినా కదలిక మానరాదు

అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. చలికాలం వచ్చిందంటే అక్కడి ముసలివాళ్ల నోట వినిపించే మాట ఒకటే: "మోకాళ్లు పట్టేశాయి, లేవలేకపోతున్నాను." ఆ మాట వినగానే పిల్లలేం చేస్తారు? "మీరు కదలకండి అబ్బాజాన్, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటారు. ఇదే ఖిద్మత్ అనుకుంటారు. ఉద్దేశం మంచిదే. కాని మంచానికి అంటుకుపోయిన మనిషికి కండ కరుగుతుంది, కీలు బిగుసుకుంటుంది, చివరికి మిగిలిన శక్తి కూడా పోతుంది.

ఈ విషయంలో మన దీన్ చూపిన దారి ఎంత సులువైనదో గమనించండి. జబ్బుతో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమనీ, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమనీ దైవప్రవక్త (స) బోధించారు. శక్తికి మించిన భారం లేదు, శక్తి ఉన్నంతవరకు మినహాయింపూ లేదు. నమాజు ఇబాదత్, వ్యాయామం కాదు. కాని ఆ సూత్రాన్ని దేహానికీ వర్తింపజేసుకోవచ్చు కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన సూచనలూ ఇంచుమించు ఇదే చెబుతున్నాయి. వైకల్యం ఉన్నవారు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలి. కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని, పెద్ద వయసువారైతే మూడు రోజులు తూలిపడకుండా నిలబెట్టే అభ్యాసం ఉండాలి. అంత చేయలేనివారు చేయగలిగినంతతో మొదలుపెట్టాలి. అసలు చేయకపోవడం కన్నా కొంచెం చేయడం మేలు.

కొండల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకురావలసి వస్తోంది. అలాంటిచోట ముసలివారు జారిపడి తుంటి విరిగితే పరిస్థితి ఏమిటి? అక్కడి గిరిజనులు థింసా ఆడేటప్పుడు ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని అడుగు వేస్తారు. మన ఇళ్లలోనూ ముసలివారికి అలా ఒక చెయ్యి ఆసరా ఉంటే చాలు.

ఇంట్లో చేయదగినవి ఇవి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి అయిదుసార్లు మెల్లగా లేచి కూర్చోవాలి. కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారు లీటరు నీళ్ల సీసా పట్టుకుని చేతులు పైకెత్తాలి. పక్షవాతం వచ్చినవారు బాగున్న చేత్తో రెండో చేతిని మెల్లగా కదిలించాలి. పూటకు అయిదు నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. గుండెనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. షుగరు ఉన్నవారు రోజూ పాదాలు చూసుకోవాలి.

మస్జిద్ కమిటీలకూ ఒక మనవి. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ, ఒక వాలుదారి, వుజూ చోట జారని నేల, సఫ్‌లో రెండు కుర్చీలు - వీటి ఖర్చెంత? జుమాకు రావడం మానేసిన బుజుర్గులు మళ్లీ మన భుజం పక్కన నిలబడతారు, లేదా కూర్చుంటారు. వారి దుఆ మనకు దక్కుతుంది, ఇన్షా అల్లాహ్.