కంచు కంఠం లేదా? కంగారుపడకండి!

మణికొండలో ఓ తమాషా ఉంది. చిత్రపురి కాలనీ వైపు వెళ్ళారనుకోండి, అంతా సినిమా కుటుంబమే! నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పేరు పెట్టుకున్న ఈ కాలనీ ఇరవైనాలుగు శాఖల సినీ కార్మికుల కోసం వెలసింది. అక్కణ్ణించి నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు తిరిగితే సాఫ్ట్‌వేర్ ఆఫీసులే ఆఫీసులు! ఒక వీధివాళ్ళకి మైకు అన్నం పెడుతుంది. పక్క వీధి కుర్రాళ్ళకి అదే మైకు చూస్తే ముచ్చెమటలు పోస్తాయి!

నవ్వులాట కాదు సుమండీ! ఆరు నెలలు రాత్రింబవళ్ళు కూర్చుని పని చేసిన అమ్మాయి, పది నిమిషాలు నిలబడి దాన్ని చెప్పలేకపోతుంది. నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడగలిగినవాడు లేచి చెబుతాడు. పేరు అతనికి, ప్రమోషన్ కూడా అతనికే! ఇంటర్వ్యూల్లోనూ ఇదే కథ. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మాకు గొంతు లేదండీ!"

అసలు లోపం గొంతులో ఉందా? మన భాష సంగతి ఒకసారి చూడండి. తెలుగు వాక్యంలో తీర్పు చివర్న ఉంటుంది. "ఈ పని జూన్‌లోగా పూర్తి..." దాకా అందరికీ వినిపిస్తుంది. ఆ తర్వాత వచ్చేది "చేస్తాం" కావచ్చు, "చేయలేం" కావచ్చు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మనకి ఊపిరి అయిపోతుంది, గొంతు దిగిపోతుంది, మాట నోట్లోనే ఉండిపోతుంది! విన్నవాళ్ళకి వాక్యం అందింది, అర్థం అందలేదు. మొదటి మాట గట్టిగా అనడం అందరికీ వచ్చు. చివరి మాట నిలబెట్టడమే విద్య.

జగ్గయ్యగారి బడి

కళావాచస్పతి కొంగర జగ్గయ్యగారి కంఠం తెలియని తెలుగువాడుంటాడా? శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడినట్టనిపిస్తే, అది చాలాసార్లు జగ్గయ్యగారి గొంతే! సినిమాల్లో పేరు రాకముందు ఆయన రేడియోలో వార్తలు చదివారు. వార్తలు చదివేవాడు చివరి క్రియ మింగేస్తే ఇంకేముంది, వార్తే తారుమారు! 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకి కూడా గెలిచిన ఆ మనిషికి దేవుడు మంచి గొంతే ఇచ్చాడు, కాదనం. కానీ మాటని తుదికంటా నిలబెట్టడం దేవుడిచ్చేది కాదు. అది సాధన!

ఒకే గొంతు, రెండు తీర్లు

ఎన్.టి.ఆర్. సంగతి చూడండి. 1977లో 'దానవీరశూర కర్ణ'లో కొండవీటి వెంకటకవిగారు రాసిన సంభాషణలని దుర్యోధనుడిగా పలుకుతుంటే హాళ్ళు దద్దరిల్లాయి. పెద్ద పెద్ద సమాసాలు, అయినా ఒక్క అక్షరం జారలేదు. 1982లో చైతన్యరథం ఎక్కిన అదే ఎన్.టి.ఆర్. ఊరూరా ఎవరితో మాట్లాడారు? రోడ్డు పక్కన నిలబడ్డ ఆడపడుచులతో, అన్నదమ్ములతో! అక్కడ మాట ఇంటి మాటయింది. కంఠం ఒకటే, ఎదుటివాళ్ళు మారారు. వాళ్ళని బట్టే పలుకూ మారింది.

సాయికుమార్‌నే తీసుకోండి. సుమన్‌కీ ఆయన గొంతే, రాజశేఖర్‌కీ ఆయన గొంతే! డబ్బింగు చెప్పేవాడు తెరమీద ముఖం చూస్తూ, పెదవి కదలికకి సరిపోయేలా మాట వేస్తాడు. మీకు మీ ఎదుట కూర్చున్నవాళ్ళ ముఖాలే తెర. కనుబొమలు ముడిపడ్డాయా? అర్థం కాలేదన్నమాట, ఆగి మళ్ళీ చెప్పండి. చేతిలో కాగితమే చూస్తూ పోతే ఆ తెర ఎలా కనిపిస్తుంది?

ఒక్క హెచ్చరిక! అభిమాన హీరోని అనుకరించకండి. ఆఫీసు మీటింగులో దుర్యోధనుడు దిగితే చప్పట్లు పడతాయేమో గానీ, మీ పని ఎవరి చెవికీ ఎక్కదు.

ఇంట్లోనే రిహార్సల్

రోజూ పది నిమిషాలు దినపత్రిక పైకి చదవండి. వాక్యానికి ముందు పొట్ట నిండా గాలి పీల్చండి. సగంలో ఊపిరి అయిపోతోందా? తప్పు గొంతుది కాదు, వాక్యం పొడుగైంది. రెండు ముక్కలు చేయండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, వాక్యాల చివరి మాటలు మాత్రమే వినండి. ఎన్ని దక్కాయో లెక్క తేలిపోతుంది.

మైకుని నోటికి ఆనించకండి. ప, బ, భ పలికినప్పుడల్లా 'టప్ టప్' మంటుంది. బెత్తెడు దూరం ఉంచితే ఆ గోల తగ్గుతుంది. అరవక్కర్లేదు, మైకు ఉన్నది అందుకేగా!

ఇక "అంటే... అదే... యాక్చువల్‌గా..." అనే ఊతపదాలు. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో వీటిని లెక్కపెట్టడానికే ఓ మనిషిని కూర్చోబెడతారు! టైము చూసేవాడు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు చూపిస్తాడు. హైదరాబాదులోనూ ఈ క్లబ్బులున్నాయి. క్లబ్బు దాకా వెళ్ళలేకపోతే ఓ స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి. ఊతపదం వచ్చేచోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగండి. తడబాటు కాస్తా ఠీవిగా మారిపోతుంది!

యాస గురించి బెంగా? వరంగల్ యాసైనా, కడప యాసైనా, శ్రీకాకుళం యాసైనా దాచుకోవాల్సిన మచ్చ కాదు. మాట స్పష్టంగా ఉంటే యాస దానికి అందమే.

రేపు మీ వంతు వచ్చినప్పుడు ఒక్కటే గుర్తుంచుకోండి: చివరి మాట మింగకండి. చప్పట్ల సంగతి తర్వాత. ముందు మీరు చేసిన పని మీ పేరుమీదే ఉంటుంది!