పాత కంప్యూటర్ వేగాన్ని పెంచడం ఎలా?

2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్ అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. దాన్నే చాలామంది 4 గిగాహెర్ట్జ్ దాటించి వాడుకున్నారు. కొత్త ప్రాసెసర్ కొనకుండానే ఇదెలా కుదిరింది?

భజనలో చిడతలు వాయించే తాతయ్యను చూశారుగా! ఆయన తాళానికే అందరూ గొంతు కలుపుతారు. ప్రాసెసర్‌లోనూ తాళం ఉంటుంది. ఒక్కో దెబ్బకు లోపలి బుల్లి స్విచ్చులు ఒక్కో అడుగు పని చేస్తాయి. ఇందులో మూల తాళం సెకనుకు 10 కోట్ల దెబ్బలు. దాన్ని 33తో హెచ్చిస్తే 330 కోట్లు, అంటే 3.3 గిగాహెర్ట్జ్. పేరు చివర ‘కె’ ఉంది కాబట్టి, తగిన మదర్‌బోర్డు ఉంటే ఆ 33ను మనమే 40 చేయొచ్చు. అన్ని ప్రాసెసర్లకూ ఈ వీలుండదు.

మరి తాళం మితిమీరితే? కొన్ని గొంతులు వెనకబడి పాట చెదిరిపోతుంది. స్విచ్చుల పని ముగిసేలోపే మరో దెబ్బ పడినా అంతే: లెక్క తప్పి కంప్యూటర్ ఆగిపోతుంది. వోల్టేజీ పెంచితే స్విచ్చులు చురుకవుతాయి కానీ, 10 శాతం పెంచితేనే వేడి దాదాపు 20 శాతం పెరుగుతుంది. పాత ప్రాసెసర్‌కు అసలు శత్రువు ఆ వేడే!

అందుకే ముందు పెద్దవాళ్ల సాయంతో ఫ్యాన్ దుమ్ము దులపాలి. ప్రాసెసర్ వేడిని బయటికి పంపేందుకు దాని మీద పూసే థర్మల్ పేస్టు ఎండి పెళుసైతే తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి. తర్వాత ఆ 33ను 34, 35 అంటూ ఒక్కో మెట్టే ఎక్కించాలి. ప్రతి మెట్టు దగ్గరా కంప్యూటర్‌కు గంటసేపు బరువైన పని ఇచ్చి చూడండి. వేడి 80 డిగ్రీలు దాటినా, మధ్యలో ఆగిపోయినా ఒక మెట్టు దిగిపోవడమే. అసలు ఆన్ కాకపోతే కంగారొద్దు. కరెంటు ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కాసేపు తీసి పెడితే పాత వేగమే తిరిగొస్తుంది.