తోడుచుక్క నుంచి మందు సీసా దాకా – సూక్ష్మజీవుల సేవ

పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ రాత్రి పడుకోబోయే ముందు చేసే పని ఒకటున్నది. దాలిలో కాగిన పాలను దించి, గోరువెచ్చగా ఆరనిచ్చి, అందులో చెంచాడు పాత పెరుగు వేసి మూత పెడతారు. తెల్లవారేసరికి కుండలో పెరుగు గట్టిగా తోడుకుని ఉంటుంది. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్న వేళ కుండలో ఆ పని చేసినవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు.

ఈ సూక్ష్మజీవులే ఇంట్లో పాలను పెరుగు చేస్తాయి. ఈ జాతివే సంఘానికి పోసిన పాలను దారిలో విరగ్గొడతాయి. ఇవే మందుల ఫ్యాక్టరీలలో మనుషుల ప్రాణాలు కాపాడే మందులు తయారు చేస్తాయి. వీటి సంగతి తెలిసిన రైతుకు లాభం, తెలియని రైతుకు నష్టం. పది ఇళ్ల పాలు ఒకే క్యానులో కలిసే సంఘంలో ఆ నష్టం ఒక ఇంటితో ఆగదు. కాబట్టి సభ్యులందరూ ఈ విషయాలు తెలుసుకోవడం అవసరం.

సూక్ష్మజీవులంటే ఏవి?

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటివి బాక్టీరియా. ఇవి ఎంత చిన్నవంటే సూక్ష్మదర్శినిలో చూస్తేనే కనిపిస్తాయి. రెండవవి శిలీంధ్రాలు. తడిసిన రొట్టె మీద పట్టే బూజు, వానకాలంలో చెత్తకుప్పల మీద మొలిచే పుట్టగొడుగులు, కల్లును పొంగించే ఈస్టు – ఇవన్నీ శిలీంధ్రాలే. రెండు రకాలలోనూ మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి.

పాలు పెరుగయ్యే విధం

పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంటుంది. తోడుచుక్కలోని బాక్టీరియా ఆ చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని విడుస్తాయి. ఆమ్లం పెరిగినకొద్దీ పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు దగ్గరపడి గట్టిపడుతుంది. అదే పెరుగు. పాలు పులియడానికి కారణం ప్రాణమున్న సూక్ష్మజీవులేనని 1857లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ చెప్పాడు. మన ఆడవాళ్లకు ఆ పేర్లు తెలియకపోయినా పని మాత్రం తరతరాలుగా తెలుసు. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చస్తుంది, చల్లగా ఉంటే తోడుకోదు అని వారు వేలు ముంచి చూసి చెబుతారు. చలికాలంలో కుండకు గుడ్డ చుట్టడం, తోడు కాస్త ఎక్కువ వేయడం ఇందుకే.

డెయిరీలోనూ ఇదే పద్ధతి. తేడా ఏమిటంటే అక్కడ పాలను ముందు బాగా వేడి చేసి, అందులోని సూక్ష్మజీవులను చంపి, ప్రయోగశాలలో పెంచిన మంచి రకం తోడును కొలత ప్రకారం వేస్తారు. అందుకే ప్యాకెట్ పెరుగు ఈ రోజు ఒక రుచి, రేపు ఒక రుచి ఉండదు.

కల్లు కుండ నుంచి నిమ్మ ఉప్పు వరకు

మన నల్లగొండ ప్రాంతం తాటిచెట్లకు, ఈతచెట్లకు పేరు. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. గీతకార్మికుని కుండలోని ఈస్టు, బాక్టీరియా కల్లులోని చక్కెరను సారాయంగా, వాయువుగా మార్చడమే దీనికి కారణం. నురగ పొంగేది ఆ వాయువు వల్లనే. ఇంకా నిలవ ఉంచితే మరో రకం బాక్టీరియా సారాయాన్ని పుల్లని వినెగారుగా మారుస్తాయి. బేకరీలో రొట్టె పొంగేది కూడా ఈస్టు వల్లనే. ఇడ్లీ పిండిని పొంగించేవి మాత్రం ఎక్కువగా మన పెరుగు తోడుకు దగ్గరి బంధువులైన బాక్టీరియా.

డెయిరీలో పనీరు చేయడానికి పాలను నిమ్మ ఉప్పుతో విరుస్తారు. ఒకప్పుడు ఈ నిమ్మ ఉప్పును ఇటలీ దేశంలో నిమ్మకాయల రసం నుంచి తీసేవారు. చక్కెర ద్రావణంలో నల్లబూజును పెంచితే అది నిమ్మ ఉప్పును పుష్కలంగా తయారు చేస్తుందని 1917లో జేమ్స్ కరీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఇప్పుడు లోకంలో వాడే నిమ్మ ఉప్పులో చాలా భాగం బూజు చేసినదే. చీజ్ తయారీకి పాలను గడ్డకట్టించే రెన్నెట్‌ను పూర్వం లేగదూడల పొట్ట నుంచి తీసేవారు. దానికి బదులు ఇప్పుడు శిలీంధ్రాల నుంచి తీసిన రెన్నెట్ వాడుతున్నారు. శాకాహారులు సైతం చీజ్ తినగలుగుతున్నది దీనివల్లనే.

బూజు నుంచి మందులు

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే వైద్యుడు తాను పెంచుతున్న బాక్టీరియా గిన్నెలో పొరపాటున బూజు పడటం చూశాడు. బూజు ఉన్నచోట చుట్టూ బాక్టీరియా చచ్చిపోయాయి. ఆ బూజు విడిచిన పదార్థమే పెన్సిలిన్. తరువాత ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రజ్ఞులు దానిని మందుగా వాడే స్థితికి తెచ్చారు.

ఈ చరిత్రలో తెలుగువానికీ పెద్ద పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలో దొరికిన ఒక బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును కనిపెట్టాడు. అది 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది ఇదే. మన పశువులకు నేటికీ ఈ జాతి మందులు వాడుతున్నాము.

హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో కామెర్ల జబ్బుల్లో ఒకటైన హెపటైటిస్-బి కి టీకా తెచ్చింది. ఆ టీకా పదార్థాన్ని తయారు చేసేది ఈస్టే. అంతవరకు విదేశాల నుంచి ఎంతో ఖరీదు పెట్టి తెప్పించుకున్న టీకా అప్పటి నుంచి సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. చౌటుప్పల్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలున్నాయి కదా, అన్ని మందులూ ఇలాగే తయారవుతాయా అని కొందరు అడుగుతారు. కావు. చాలా మందులు రసాయనాలతో తయారవుతాయి. కొన్ని మాత్రమే పెద్ద పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పెంచి తీసేవి.

మందు వేసిన బర్రె పాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. బర్రెకు పొదుగువాపు వస్తే డాక్టరు పెన్సిలిన్ వంటి మందులను సూదిగానో, చన్నులోకి ఎక్కించే ట్యూబుగానో ఇస్తాడు. రోగం చేసే బాక్టీరియాను ఆ మందు చంపుతుంది. కాని అది పాలలోకి కూడా దిగుతుంది. పెరుగు తోడు కూడా బాక్టీరియాయే గనుక మందు దానినీ చంపుతుంది. మందు ఉన్న పాలు కొంచెం కలిసినా డెయిరీలో వేల లీటర్ల పాలు సరిగా తోడుకోకపోవచ్చు. కాచినంత మాత్రాన ఈ మందు పోదు.

పెరుగు సంగతి ఒక్కటే కాదు. అటువంటి పాలు తాగే పిల్లలకు పెన్సిలిన్ పడకపోతే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. కొద్దికొద్దిగా మందు తగులుతూ ఉంటే రోగం చేసే బాక్టీరియా దానికి అలవాటు పడి, చివరికి ఏ మందుకూ లొంగకుండా తయారవుతాయి.

కాబట్టి మందు సీసా మీద రాసినన్ని రోజులు, డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ బర్రె పాలు సంఘానికి పోయరాదు. నాలుగు రోజుల పాలు పోతే ఇంటి ఖర్చుకు ఇబ్బందే. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కాని ఆ పాలు కలిసినందువల్ల ట్యాంకరు వెనక్కి వస్తే ఆ రోజు ఊరందరి పాలూ నేలపాలే. మందు వేసిన బర్రె పాలు ఇంట్లో తోడుకోకపోతే మందు ఇంకా ఉన్నదని అనుమానించవచ్చు. తోడుకున్నంత మాత్రాన మందు పోయిందని మాత్రం చెప్పలేము. గడువు పాటించడమే సరైన మార్గం.

చెక్కకు పట్టిన బూజు

అన్ని బూజులూ మందులు ఇవ్వవు. పల్లి చెక్క, పత్తిగింజల చెక్క, మక్కలు తడిగా నిలవ ఉంటే పచ్చని బూజు పడుతుంది. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే జాతి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన పల్లి చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు ఈ విషం సంగతి బయటపడింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో పల్లీలలో ఈ విషం మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి.

బర్రె ఆ చెక్క తింటే విషంలో కొంత భాగం ఒకటి రెండు రోజుల్లోనే పాలలో కనిపిస్తుంది. కాచినా పోదు. ఎక్కువ కాలం తీసుకుంటే ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాన్సరుకు కూడా కారణమవుతుంది. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాముకు మించి ఉండరాదని మన దేశపు ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. బూజు పట్టిన చెక్కను పారేయడం ఎందుకు, బర్రెలకు వేద్దామనుకోవడం పొరపాటు. అది తిరిగి మన పిల్లల గ్లాసులోకే వస్తుంది. చెక్క బస్తాలను నేల మీద గాక చెక్కల మీద, గోడకు దూరంగా, వాన జల్లు పడని చోట ఉంచాలి. తడిసి నల్లబడిన వరిగడ్డి కూడా మేపరాదు.

పొట్టలో పనిచేసే కూలీలు

గడ్డి తిని పాలిచ్చే శక్తి బర్రెకు దానంతట అది వచ్చినది కాదు. దాని పెద్ద పొట్టలో ఉన్న కోట్లాది బాక్టీరియా, శిలీంధ్రాలు, ఇతర సూక్ష్మజీవులు జొన్న చొప్పను, వరిగడ్డిని పులియబెట్టి ఆహారంగా మారుస్తాయి. ఇవి ఒక మేతకు అలవాటు పడి ఉంటాయి. పెండ్లిలో మిగిలిన అన్నాన్ని ఒక్కసారిగా గంపెడు వేస్తే పొట్టలో ఆమ్లం విపరీతంగా పెరిగి పశువు పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. మేత మార్చదలచినప్పుడు వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి.

పచ్చిమేత దండిగా ఉన్నప్పుడు జొన్న, మక్క చొప్పను ముక్కలు చేసి, గుంతలో గాలి చొరకుండా తొక్కి కప్పితే పాతరగడ్డి తయారవుతుంది. ఇక్కడా పెరుగు బాక్టీరియా జాతివే ఆమ్లం పుట్టించి మేతను చెడిపోకుండా కాపాడతాయి. గోబర్ గ్యాస్ గుంతలో పేడ నుంచి వంట గ్యాసు తీసేది మరో రకం సూక్ష్మజీవులు.

చిక్కటి పాలు చేరే లోపల

పొదుగులో నుంచి వచ్చిన పాలు వెచ్చగా ఉంటాయి. ఆ వేడిలో కొన్ని బాక్టీరియా అరగంటకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒక్క బాక్టీరియా నాలుగు గంటల్లో 256, ఆరు గంటల్లో 4,096 అవుతుంది. మన ఎండాకాలంలో పాలు త్వరగా విరగడానికి ఇదే కారణం. పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిస్తే వీటి పెరుగుదల చాలా వరకు ఆగుతుంది. బల్క్ మిల్క్ కూలర్ ఉన్నది అందుకే. అయితే కూలర్ బాక్టీరియాను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. మురికి పాలు కూలర్‌లో పోసినంత మాత్రాన మంచి పాలు కావు.

పాలలో ఎన్ని బాక్టీరియా ఉన్నాయో తెలుసుకోవడానికి డెయిరీలో నీలిరంగు పరీక్ష చేస్తారు. పాలలో మిథిలీన్ బ్లూ చుక్కలు కలిపి వేడి నీళ్లలో ఉంచుతారు. బాక్టీరియా ఎక్కువగా ఉంటే నీలిరంగు త్వరగా పోతుంది. అయిదు గంటలైనా రంగు పోకపోతే చాలా మంచి పాలు. అరగంటలోనే తెల్లబడితే నాసిరకం పాలు. పులుపు తెలియకుండా పాలలో వంటసోడా కలిపేవారు కొందరున్నారు. సోడా పులుపును దాస్తుంది గాని బాక్టీరియాను తగ్గించదు. పైగా రోజాలిక్ ఆమ్లం పరీక్షలో అది పట్టుబడుతుంది.

డెయిరీలో పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరచడాన్ని పాశ్చరీకరణం అంటారు. దీనివల్ల క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి రోగాల క్రిములు చస్తాయి. కాబట్టి ఇంట్లో కూడా పచ్చిపాలు తాగరాదు.

సభ్యులు పాటించవలసినవి

1. పితికే ముందు చేతులు, పొదుగు కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో పితికి, పెళ్లలు ఉన్నాయేమో చూడాలి. నేల మీద పితకరాదు.

2. స్టీలు లేక అల్యూమినియం పాత్రలనే వాడాలి. వేడి నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించాలి. అతుకుల్లో పేరుకున్న తెల్లని పొరలోనే బాక్టీరియా కాపురం ఉంటాయి.

3. పితికిన పాలను వీలైనంత త్వరగా సంఘానికి చేర్చాలి. రాత్రి పాలను పొద్దుటి పాలలో కలపరాదు.

4. మందు వేసిన పశువు సంగతి సంఘం కార్యదర్శికి ముందుగా చెప్పాలి. చెప్పినవారిని చులకన చేయరాదు, మెచ్చుకోవాలి.

5. బూజు పట్టిన దాణా ఎంత ఖరీదైనదైనా పశువుకు పెట్టరాదు.

2016లో జిల్లాల విభజన జరిగి చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా విజయవాడ రోడ్డు మీదుగా హైదరాబాదుకు పోయే పాల బండి మారలేదు. ఆ బండిలో ఎవరి పాలు ఎవరివో వేరు చేసి చెప్పడం కష్టం. కాబట్టి ఈ మాటలను ఇంట్లో పాలు పితికే అమ్మకు, అక్కకు, కోడలికి చదివి వినిపించండి. వచ్చే సంఘం మీటింగులో నాలుగవ అంశాన్ని చర్చకు పెట్టండి.