ఒక గోడకు రెండు తేదీలు

జనగామ, మహబూబాబాద్ రైల్వే స్టేషన్ల పునర్నిర్మాణమునకు 2023 ఆగస్టు 6న శంకుస్థాపన జరిగినది. అమృత్ భారత్ పథకము క్రింద ఆనాడు దేశమంతట 508 స్టేషన్లకు ఒకేసారి జరిగిన కార్యక్రమమది. ఖాళీ స్థలములో క్రొత్త భవనము కట్టుటకన్న ఇట్టి పని కష్టము. కాజీపేట నుండి సికింద్రాబాదుకు, విజయవాడకు పోవు బండ్లు నడుచుచునే యుండవలెను. టిక్కెట్ల కిటికీ ఒక్క పూటయైనను మూయరాదు. ఏ గోడ ఎంతవరకు నిలువవలెను, ఎప్పుడు కూలవలెను అను లెక్క తప్పినచో ప్రయాణికులు వానలో నిలువవలసి వచ్చును.

పూర్వము ఈ లెక్కను రంగులతో చూపెడివారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారము కూల్చవలసిన భాగమునకు పసుపు గీతలు, క్రొత్తగా కట్టవలసినదానికి ఎరుపు రంగు. పని పెద్దదైనచో ఉన్న కట్టడమునకు, కూల్పునకు, నిర్మాణమునకు వేర్వేరు ప్లానులు గీచెడివారు. ఒకదానిలో కిటికీని జరిపి, తక్కిన రెంటిలో మరచిరనుకొనుడు. మేస్త్రీ చేతికి ఏ కాగితము చిక్కినదో దానిని బట్టి గోడ కూలును!

రెవిట్ వంటి సాఫ్ట్‌వేరులో కట్టడము ఒక్కటే. అందలి ప్రతి గోడకు, ప్రతి తలుపునకు రెండు వివరములుండును: అది ఏ దశలో పుట్టినది, ఏ దశలో కూలినది. ప్లాను చూపుటయనగా ఆ రెండు వివరములను బట్టి ఏరి చూపుటయే. పాత దశలో పుట్టి ఈ దశలో కూలునవి చుక్కగీతలుగా కనబడిన అది కూల్పు ప్లాను. ఈ దశ చివర నిలిచియుండునవి మాత్రమే కనబడిన అది పూర్తియైన కట్టడము. ఒకే దశలో పుట్టి, అందే కూలునది తాత్కాలికము. పని సాగునంతకాలము వేసిన టిక్కెట్ల షెడ్డు అట్టిది.

నేర్చుకొనువారు సాధారణముగా పొరపడునది ఇక్కడనే. ఉన్నది, కూల్పు, క్రొత్తది అని మూడు దశలు సృష్టింతురు. కూల్పు ఒక దశ కాదు, దశలో జరుగు పని. పాతది, క్రొత్తది అను రెండు దశలు చాలును. పని విడతలుగా సాగినచో విడతకొక దశ చేర్చవలెను.

గుర్తు తప్పిన నష్టమెంత? 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 23 సెంటీమీటర్ల మందము గల ఇటుకగోడ 4.14 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు సుమారు 500 చొప్పున రెండు వేలకు పైగా ఇటుకలు. బరువు దాదాపు ఎనిమిది టన్నులు. కూల్చవలసిన పాతగోడను క్రొత్తదిగా గుర్తించినచో కూల్పు ఎస్టిమేటులో ఇంత శిథిలము లోపించును, ఇటుకల ఎస్టిమేటులో అంతయు అదనముగా చేరును.

మరొక చిక్కు తలుపులది. నిలిచియుండు గోడలోని పాత తలుపును కూల్చినట్లు గుర్తించినంతనే రెవిట్ ఆ సందును తానే గోడతో పూడ్చును. అక్కడ దారి కావలసినచో ఆ సంగతి వేరుగా చెప్పవలెను.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వైద్యవిద్యకు అనుబంధమైన ఆసుపత్రిలో పడకలు పెరుగవలెను. రోగులను పంపివేసి కట్టుటకు వీలులేదు. ఇట్టి చోట దశల అసలు ప్రయోజనము తెలియును. సాఫ్ట్‌వేరులో గది కూడ ఒక దశకు చెందినదే. కనుక ఒక్కొక్క విడత చివర ఎన్ని చదరపు మీటర్ల వార్డు మిగులునో పట్టిక వేసి చూడవచ్చును. ఏ విడతలోనైన ఆ సంఖ్య మరీ తగ్గినచో, సుత్తి దెబ్బ పడకముందే పనుల వరుస మార్చవచ్చును.

అయినను అన్నిటికి రెండు తేదీలు చాలవు. పొరుగున హనుమకొండలో వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును రాయి రాయిగా విప్పి, పదిహేనేండ్లకు పైబడిన తరువాత 2024 మార్చిలో తిరిగి తెరచిరి. అట్టి కట్టడమును రెవిట్‌లో గీచినచో, ఒకసారి కూలినదిగా గుర్తించిన రాయి తరువాతి దశలో మరల లేవదు. అవే కొలతలతో రెండవ రాయిని చేర్చి, రెంటికిని ఒకే సంఖ్య వేయవలెను.